“ఆనందించుడి” అన్నది ఎవరితో?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 43 సంవత్సరాలు. మాది పల్నాడులో ఒక గ్రామం. బాప్తిస్మం తీసుకొని 16 సంవత్సరాలైంది. ఆ మొదటి రోజుల్లో నాకు ఎంత సంతోషంగా ఉండేదంటే, మిరపకోతకు వెళ్లినా పాడుకుంటూనే కాయ కోసేదాన్ని. మొన్నటి సంక్రాంతికి నా భర్త చనిపోయి రెండేళ్లు నిండాయి. అప్పటి నుంచి ఆ సంతోషం లేదు. ఆరాధనలో అందరితో పాటు చప్పట్లు కొడతాను గానీ లోపల ఏమీ కదలదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక సహోదరి, “సంతోషం పోయిందంటే ఎక్కడో దాచుకున్న పాపం ఉన్నట్టే, ఒప్పుకో” అన్నారు. వెతికి వెతికి అలసిపోయాను. ఎల్లప్పుడు ఆనందించమని వాక్యం ఆజ్ఞాపిస్తుంటే, నేను ఆజ్ఞ మీరినదాన్నేనా? — ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు ఏ ఆజ్ఞా మీరలేదు. ముందు ఆ భారం దించుకొని, తక్కినది నెమ్మదిగా చదవండి.

మీరు తలచుకొని బాధపడుతున్న మాట అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణపు సంఘానికి రాసిన జాబు, అంటే ఫిలిప్పీ పత్రిక, 4వ అధ్యాయం 4వ వచనంలో ఉంది. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు గల ఆ చిన్న పత్రికలో సంతోషాన్ని చెప్పే మాటలు గ్రీకు మూలంలో 16 సార్లు కనబడతాయి కాబట్టి, దానికి సంతోష పత్రిక అనే పేరు స్థిరపడింది. పేరు తగినదే. అయితే సంకెళ్లలో ఉండి ఆ పత్రిక రాసిన పౌలు, ఆ సంఘంవారు పంపిన ఎపఫ్రొదితు జబ్బుచేసి చావుకు దగ్గరైనప్పుడు తాను ఎంత కలవరపడ్డాడో కూడా దానిలోనే రాశాడు. అతడు బ్రతకడం వల్ల తనకు “దుఃఖముమీద దుఃఖము” కలుగలేదని 2వ అధ్యాయంలో ఒప్పుకున్నాడు. అంటే అప్పటికే ఒక దుఃఖం ఉంది, దాని మీద మరొకటి పడలేదు, అంతే. 3వ అధ్యాయానికి వచ్చేసరికి ఏడుస్తూ ఈ మాట చెబుతున్నానన్నాడు. మన ప్రసంగాల్లో 4:4 వినబడినన్ని సార్లు ఈ రెండు చోట్లు వినబడవు. ఈ లోపంలో నాకూ వాటా ఉంది. నలభై ఏళ్లు ప్రసంగపీఠం మీద నిలబడినవాడిని. ఆనందించుడి అని రాసిన చెయ్యే కన్నీళ్లు కూడా తుడుచుకుందని తెలిసినవారు, ఆ వచనాన్ని తెచ్చి ఒక విధవరాలి తల మీద పెట్టరు.

ఇంకొక సంగతి ఉంది, నా మట్టుకు నాకు అదే ముఖ్యమైనది. తెలుగు బైబిలు ఇక్కడ మనకు గొప్ప మేలు చేసింది: “ఆనందించుము” అనలేదు, “ఆనందించుడి” అన్నది. మూలంలోనూ అది బహువచనమే. ఆ మాట గదిలో ఒంటరిగా కూర్చొని తన మనసును తానే తడుముకుంటున్న ఒక మనిషికి చెప్పినది కాదు, ఒక సంఘానికి చెప్పినది. అదీ ఎలాంటి సంఘం? అంతకు రెండు వచనాల ముందే యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు ఏకమనస్సుతో ఉండాలని పౌలు బతిమాలుకొన్నాడు. పొరపొచ్చాలు, జబ్బులు, దుఃఖాలు అన్నీ ఉన్న సంఘం ఉమ్మడిగా మోయవలసిన ఆజ్ఞ అది. ఉమ్మడి కుటుంబంలో ఒకరికి జ్వరం వస్తే ఆ పూట వంట మరొకరు చేస్తారు. పొయ్యి ఆరిపోకూడదన్నది నియమం గానీ, జ్వరం వచ్చిన మనిషే లేచి వెలిగించాలన్నది నియమం కాదు.

ఆ ఫిలిప్పీ పట్టణంలోనే జరిగిన చెరసాల రాత్రిని ఒకసారి గుర్తు చేసుకోండి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. దెబ్బలు తిని, కాళ్లకు కొయ్య బొండ వేయించుకొని, మధ్యరాత్రి వేళ పాడినవారు ఇద్దరే, పౌలు సీలలు. తక్కిన ఖైదీలు పాడారని లేదు, వింటున్నారని ఉంది. తరువాత భూకంపం వచ్చినప్పుడు తలుపులన్నీ తెరుచుకున్నాయి, అందరి బంధకాలూ ఊడాయి. పాడినవారివే కాదమ్మా, విన్నవారివి కూడా. ప్రస్తుతం మీరు వినేవారి వరుసలో ఉన్నారు. ఆ వరుసకూ చెరసాలలో చోటు ఉన్నది.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడినప్పుడు నాకు 23 ఏళ్లు, క్రైస్తవ వేదశాస్త్రం చదువుకుంటున్నాను. సహాయక పనికి వెళ్లినవారితో కలిసి నాగాయలంక దాటి సముద్రం వైపున్న ఒక పల్లెలో కొన్ని వారాలు ఉన్నాను. ఆ యేడు క్రిస్మస్ ఆదివారం నాడే వచ్చింది. మందిరం గోడలు కూలిపోయాయి కాబట్టి తాటాకు పందిరి వేశారు. ఉప్పునీట నాని ఉబ్బిపోయిన హార్మోనియం ఒకటి మిగిలింది. మెట్టు నొక్కితే కిందికి పోయేది గానీ పైకి వచ్చేది కాదు. పందిరి గుంజకు ఆనుకొని ఒక తల్లి కూర్చున్నది, ఇద్దరు పిల్లలను నీళ్లకు ఇచ్చిన తల్లి. పాట మొదలైంది. పాడినవారిలో ఎవరినీ పోగొట్టుకోనివారు ఒక్కరైనా ఉన్నారేమో నేను చెప్పలేను. ఆమె మాత్రం నోరు తెరవలేదు. ఎందుకు పాడవని ఆమెను ఎవరూ అడగలేదు, తల తిప్పి చూడను కూడా లేదు. పక్కన కూర్చున్న స్త్రీ, మేము తీసుకువెళ్లిన కీర్తనల పుస్తకాన్ని ఇద్దరి మధ్యా తెరిచి పట్టుకొని, ఆమె చూడకపోయినా ఆమె కోసమే అన్నట్టు పుటలు తిప్పుతూనే ఉన్నది. మరుసటి సంవత్సరం ఈస్టరుకు నేను మళ్లీ అక్కడికి వెళ్లాను. ఆ తల్లి గొంతెత్తి పాడిందని రాయగలిగితే చదవడానికి బాగుండేది గానీ, ఆమె పాడలేదు. పుస్తకం ఒక అంచు తాను పట్టుకున్నది. నేను చూసినది అంతే. సంతోషాన్ని గురించి ప్రసంగించవలసి వచ్చినప్పుడెల్లా ఆ చెయ్యి నాకు కళ్ల ముందుకు వస్తుంది.

ఇక దాచుకున్న పాపం అన్న మాటకు వద్దాం. పాపం సంతోషాన్ని హరిస్తుందన్నది అబద్ధం కాదు. “నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము” అని 51వ కీర్తనలో దావీదు వేడుకున్నది పాపం చేసిన తరువాతే. అయితే దావీదుకు తన పాపమేదో తెలుసు, ప్రవక్త నాతాను వచ్చి ముఖం మీదే చెప్పాడు. తెలియని పాపాన్ని తవ్వి తీయమని దేవుడు ఎవరి చేతికీ పలుగు ఇవ్వలేదు. తప్పు లేకుండానే కష్టాలపాలైన యోబు దగ్గరకు అతని స్నేహితులు పట్టుకొచ్చినది సరిగ్గా ఆ పలుగే. నీ కష్టం వెనుక పాపం ఉండి తీరాలని వారు అధ్యాయాల కొద్దీ వాదించారు, చివరికి దేవుని కోపం మండినది వారి మీద. మీతో ఆ మాట అన్న సహోదరి ప్రేమతోనే అని ఉండవచ్చు. ఆమె కూడా ఈ పుట చదువుతూ ఉంటే, ఏడ్చేవారితో ఏడవండన్న రోమా 12:15 కూడా ఆజ్ఞేనని ఆమెకు మనవి చేస్తున్నాను. సంతోషించే వారితో సంతోషించడం దానికి ముందున్న సగం, ఈ సగాన్ని వదిలి ఆ సగం నిలబడదు.

మొదటి రోజుల సంతోషం తిరిగి రావాలని మీరు ఎదురుచూస్తున్నారు. అది అదే రూపంలో రాకపోవచ్చు. మిరప వేసే ప్రాంతం మీది, నారుమడిలో నిగనిగలాడిన మొక్క పీకి నాటిన తరువాత కొన్నాళ్లు తల వాల్చేస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. అప్పుడు దాన్ని పట్టి నిలబెట్టాలని చూసే రైతు ఉండడు. నీళ్లు పెట్టి ఊరుకుంటాడు.

మీ విషయంలో ఆ నీళ్లు ఏమిటంటే, ఆరాధన మానకండి. చప్పట్లు కొట్టలేని రోజున కొట్టకండి. కూర్చోవాలనిపిస్తే కూర్చోండి. ప్రభువు బల్ల దగ్గరకు మాత్రం తప్పక వెళ్లండి, ఎందుకంటే అక్కడ మనం ఇచ్చేది ఏమీ లేదు, చేతులు చాపి తీసుకోవడమే ఉంది. ప్రార్థనకు మాటలు రానప్పుడు 88వ కీర్తన చదవండి. అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, ఒక్క ఆశాభావపు వాక్యం కూడా చివర అతికించలేదు. అయినా అది వాక్యమే, దేవుని ఎదుట పలికిన ప్రార్థనే.

ఒక్క ప్రశ్న నేను మిమ్మల్ని అడగాలి. నిద్ర పడుతున్నదా? అన్నం తినగలుగుతున్నారా? బదరీవృక్షం కింద పడుకొని నా ప్రాణం తీసుకొమ్మని ప్రవక్త ఏలీయా మొరపెట్టినప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. లేచి తినమని నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి చూపించాడు. తిని మళ్లీ నిద్రపోతే పోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోయినా, బ్రతికి ఏమి లాభమన్న ఆలోచన వచ్చినా, అది విశ్వాసలోపం అనుకోకుండా వైద్యుని దగ్గరకు వెళ్లండి. మనసు బాధల్లో ఉన్నవారి కోసం ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే రాత్రి పగలు ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మందు వేసుకోవడం వల్ల సాక్ష్యం పాడవదు.

ప్రశ్న: కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. మాది కోనసీమ. ఇక్కడ ఆరాధన శుక్రవారం జరుగుతుంది. వెళ్లిన రోజు మనసు ఎంతో తేలికగా ఉంటుంది గానీ నాకు సెలవు నెలకు ఒకసారే. తక్కిన రోజులన్నీ పని చేసుకుంటూ ఫోనులో వాక్యం వింటూనే ఉంటాను, అయినా రెండో రోజుకే ఆ సంతోషం తరిగిపోతుంది. దాన్ని నెల అంతా నిలుపుకోవడం ఎలా? — ఒక చెల్లి

జవాబు: చెల్లీ, సంతోషాన్ని ఆవకాయలా జాడీలో పెట్టి సంవత్సరమంతా వాడుకోవచ్చునని మనందరికీ ఆశ ఉంటుంది. అరణ్యంలో దేవుడు ఏ రోజుకు ఆ రోజు కురిపించిన ఆహారమైన మన్నాను మరునాటికి దాచుకున్నవారి సంగతి నిర్గమకాండము 16లో చదివారు కదా, తెల్లవారేసరికి పురుగు పట్టి కంపు కొట్టింది. రెండో రోజుకే తరిగిపోవడం మీ తప్పు కాదు, ఆ ఆహారం స్వభావమే అంత. నెలకు సరిపడా నిలుపుకోవాలన్న ప్రయత్నం మాని, ఏ రోజుకు ఆ రోజు ఏరుకోవడం ఎలా అని చూద్దాం.

రోజంతా చెవిలో ప్రసంగం మోగుతూ ఉండడం మంచిదేనని చాలామంది అనుకుంటారు. నాకు అంత నమ్మకం లేదు. పొద్దస్తమానం నోట్లో ఏదో ఒకటి వేసుకుంటూ ఉన్నవారికి అన్నం సహించదు. అన్ని గంటలు వినే బదులు, ఉదయం పనికి లేవకముందు ఒక కీర్తన, అదీ నాలుగైదు వచనాలు, నోటికి వచ్చేదాకా చదువుకోండి. వంటగదిలో గిన్నెలు కడుగుతున్నప్పుడు దాన్ని తలచుకుంటే చాలు. మన పెద్దవాళ్లలో ఎందరో అక్షరం రాకపోయినా పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు చరణాలకు చరణాలు కంఠస్థం చేసి, నాట్లు వేస్తూ పాడుకున్నారు.

పౌలు కూడా తనవారికి దూరంగా ఉన్నవాడే. జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ దేవునికి కృతజ్ఞత చెల్లిస్తున్నానని, సంతోషంతో ప్రార్థిస్తున్నానని ఫిలిప్పీ వారికి పత్రిక మొదట్లోనే రాశాడు. అతని సంతోషానికి ముఖాలున్నాయి, పేర్లున్నాయి. మీరు కూడా “అందరినీ దీవించు ప్రభువా” అని ముగించకుండా, రోజుకు ఒక్కరిని తీసుకోండి. ఈ రోజు అమ్మ, రేపు పక్కింటి అక్క, ఎల్లుండి సండే స్కూల్లో మీకు కంఠత వాక్యాలు నేర్పిన టీచరు. ఆ మనిషిలో దేవునికి కృతజ్ఞత చెప్పదగిన సంగతి ఒకటి వెతికి, ప్రార్థించి, వీలైతే ఆ సంగతే వారికి వాయిస్ మెసేజ్‌గా పంపించండి. తప్పిపోయిన గొఱ్ఱెను భుజాల మీద వేసుకొని వచ్చిన కాపరి ఇంటికి వచ్చి తలుపు వేసుకొని సంతోషించలేదు. “నాతోకూడ సంతోషించుడి” అని స్నేహితులను, పొరుగువారిని పిలిచాడు. పంచుకోని సంతోషం రెండో రోజుకు తరుగుతుంది, పంచుకున్నదానికి కొంచెం ఆయుష్షు ఎక్కువ.

ఇక్కడ ఇంటివారికి ఒక మాట. ఫిలిప్పీ పత్రిక ఒక విధంగా డబ్బు ముట్టిందని రాసిన జాబు. ఎపఫ్రొదితు చేతికి వారు ఇచ్చి పంపినవి అందాయని చెప్పి, థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా వారు ఒకటి రెండు సార్లు పంపిన సంగతి గుర్తు చేసుకొని, వారి ప్రేమను ఎంతగానో మెచ్చుకున్నాడు. గల్ఫ్ నుంచి డబ్బు రాగానే “వచ్చింది” అని ఒక్క ముక్క చెప్పి ఫోను పెట్టేసేవారు, ఆ 4వ అధ్యాయాన్ని ఒకసారి ఇంట్లో గట్టిగా చదువుకుంటే మంచిది.

చెల్లీ, మీరు రాయనిది ఒకటి నేను అడుగుతున్నాను. జీతం సరిగా ఇస్తున్నారా? చేయి చేసుకోవడం లాంటిది ఏమైనా ఉన్నదా? ఉంటే, అది సంతోషం నిలుపుకోవడానికి సంబంధించిన సమస్య కాదు, సహించి ఊరుకోవడం భక్తి కాదు. రాత్రి చెరసాలలో పాటలు పాడిన పౌలే, తెల్లవారి న్యాయాధిపతులు రహస్యంగా వెళ్లిపొమ్మంటే కదలలేదు. విచారణ లేకుండా రోమీయులను బహిరంగంగా కొట్టించారు కాబట్టి వారే వచ్చి బయటికి తీసుకొనిపోవాలన్నాడు. వారు వచ్చి బతిమాలుకున్నారు. అటువంటి ఇబ్బంది ఉంటే మన రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయండి, అక్కడి తెలుగు సంఘం పెద్దలకు చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి కుదిరింది. భోజనాలు, పాటలు, బంధువుల సందడి ఉండాలని పిల్లల కోరిక. సంఘంలో కొందరు మాత్రం అది లోకసంబంధమైన సంతోషమని, విశ్వాసికి ఆత్మీయానందమే తగినదని అంటున్నారు. ఏది సరి? — సంఘపెద్ద, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అయ్యా, కానా ఊరి పెళ్లిలో ప్రభువు ద్రాక్షారసంగా మార్చినది ఒక గిన్నెడు నీళ్లు కాదు, రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతిబానలు. ఆ లెక్కను యోహాను ఊరికే రాయలేదని నేననుకుంటాను. నోరు నవ్వితే ఆత్మ తరుగుతుందన్న భయం సువార్తలో నుంచి వచ్చినది కాదు.

“యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు” అన్న నెహెమ్యా 8:10 మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఉంటుంది. క్యాలెండరు మీద పట్టని ముందు భాగం కూడా ఉంది. ధర్మశాస్త్రం విని ఏడుస్తున్న జనంతో వారి నాయకులు, వెళ్లి మంచి భోజనం చేయండి, తీయనిది తాగండి, ఏమీ సిద్ధం చేసుకోనివారికి వంతులు పంపించండి అన్నారు. ఆ వచనంలో ఆత్మీయానందానికీ భోజనానికీ మధ్య గోడ లేదు. ఉన్నదల్లా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లే పళ్లెం.

కాబట్టి పెళ్లి సంతోషంగా చేయండి. నాకు భయమున్నది పాటల గురించి కాదు, అప్పు గురించి. పాతిక రకాలు వడ్డించి, ఆ వడ్డీ కట్టడానికి మూడేళ్లు మొగుడూ పెళ్లాం మాటా మాటా అనుకున్న విశ్వాసుల కుటుంబాలు నాకు తెలుసు. అటువంటి ఇళ్లలో సంతోషాన్ని తీసుకొనిపోయినది బ్యాండు మేళం కాదు. మీకు ఉన్నంతలో, నాలుగు రకాలైనా సరే, రుచిగా వండించండి. పందిరి దాకా రాలేని ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు మీ సంఘంలో ఎవరెవరు ఉన్నారో పెద్దగా మీకు తెలిసే ఉంటుంది. మొదటి పంక్తి కూర్చోకముందే వారి క్యారియర్లు కట్టించి పంపే పని అమ్మాయి తమ్ముళ్లకు అప్పగించండి.